పొయ్యి వేరైతే ఇల్లు వేరు

2025 ఏప్రిల్లో ఒక ఆదివారం మధ్యాహ్నం మా పిన్ని కూతురు ఇంగ్లండు నుంచి వీడియో కాల్ చేసింది. ఎప్పుడూ "ఏం కూర వండావక్కా" అని మొదలుపెట్టే పిల్ల, ఆరోజు కెమెరా ముందు ఒక కాగితం పట్టుకుని కూర్చుంది. వాళ్ళ ఊరి కౌన్సిల్ పంపిన బిల్లు అది. దాని మీద తన పేరూ, మా మరిది పేరూ రెండూ ఉన్నాయి. పదిహేడు నెలల కౌన్సిల్ టాక్స్ బాకీ, 2,300 పౌండ్ల పైచిలుకు. మన డబ్బుల్లో రెండున్నర లక్షలకి తగ్గదు.

"ఇల్లు మాది కాదు కదక్కా, ఇంటి పన్ను మేమెందుకు కట్టాలి? పోనీ కట్టాలే అనుకో, మేం ఇందులో దిగి పధ్నాలుగు నెలలే. పదిహేడు నెలలకి ఎలా వేశారు? ఇన్నాళ్ళూ ఊరుకుని ఇప్పుడెందుకు గుర్తొచ్చాం?"

వాళ్ళుండేది ఒక దుకాణం పైన. ఒకప్పుడు సామాన్లు పెట్టుకునే అంతస్తుని ఓనరు రెండు చిన్న ఫ్లాట్లు చేసి అద్దెకిచ్చాడు. 2024 ఫిబ్రవరిలో దిగేటప్పుడే ఇది ఈ పన్ను సంగతి అడిగింది. "కొత్తగా కట్టిన ఫ్లాట్ కదా, ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదు, ఎక్కాక వాళ్ళే పంపుతారు, కంగారేం లేదు" అన్నాడట ఇల్లు చూపించిన ఏజెంటు. ఆ మాట ఈమెయిల్లో కూడా రాశాడు. పంపుతారన్న మాట నిజమే. ఎప్పటి నుంచి లెక్కగట్టి పంపుతారో మాత్రం చెప్పలేదు.

మన దగ్గర ఇంటి పన్ను అంటే ఓనరు వ్యవహారం. పురపాలక సంఘం వాళ్ళ నోటీసు ఓనరు పేరనే వస్తుంది. అద్దెకున్న మనం మహా అయితే కరెంటు బిల్లూ, నీళ్ళ డబ్బులూ చూసుకుంటాం. అందుకే దాని ప్రశ్న నాకు న్యాయంగానే అనిపించింది. కానీ బిల్లు తప్పు కాదనీ, ఆ దేశంలో అదే చట్టమనీ మరిది చెప్పాడు. అలాంటి చట్టం ఎందుకొచ్చిందా అని నేను వెనక్కి తవ్వుకుంటూ పోయాను. చదివింది బి.ఏ. తెలుగు. ఇంగ్లండు రాజుల వరస ఏనాడూ కంఠస్థం చెయ్యలేదు. అయినా ఈ పన్ను కథ చదువుతుంటే నాకు తెలిసిన వంటింటి సంగతులే ఎదురయ్యాయి.

మొదలు 1601లో ఉంది. మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో బీదల పోషణకని ఒక చట్టం చేశారు. ముసలివాళ్ళకీ, పనిలేని వాళ్ళకీ, తల్లిదండ్రుల్లేని పిల్లలకీ తిండి పెట్టే బాధ్యత ప్రతి ఊరి చర్చి పరిధికి అప్పగించారు. అందుకయ్యే డబ్బు ఆ ఊళ్ళో ఇళ్ళలో ఉంటున్నవాళ్ళ దగ్గరా, భూములు సాగుచేసుకుంటున్నవాళ్ళ దగ్గరా వసూలు చెయ్యమన్నారు. ఇల్లు ఎవరిదన్నది కాదు, ఇంట్లో ఎవరున్నారన్నదే ముఖ్యం. దూరాన ఉన్న ఆసామిని వెతుక్కుంటూ పోవడం కంటే తలుపు కొడితే తీసేవాళ్ళని అడగడం తేలిక మరి. ఊరి ఖర్చు ఊళ్ళో ఉన్నవాళ్ళదే అన్న న్యాయం కూడా అందులో ఉంది, కాదనను. ఆ వసూలుకే తర్వాత రేట్స్ అని పేరు స్థిరపడింది. మా చెల్లెలి మొదటి ప్రశ్నకి నాలుగు వందల ఏళ్ళ నాటి జవాబు ఇది.

తర్వాత వచ్చింది పొయ్యి పన్ను. నేను ఎక్కువసేపు ఆగింది ఇక్కడే. 1662లో రెండో చార్లెస్ రాజుకి ఖర్చులకి చాలక, ఇంట్లో ఉన్న ఒక్కో పొయ్యికి, అంటే నిప్పు వేసుకునే ప్రతి చోటుకి, ఏడాదికి రెండు షిల్లింగులు వేశారు. మార్చిలో సగం, సెప్టెంబరులో సగం. ఇదీ ఇంట్లో ఉన్నవాళ్ళే కట్టాలి. మరీ బీదవాళ్ళని వదిలేశారు. ఇంటి విలువ బయటినుంచి కనబడదు గానీ పొయ్యిలు లెక్కపెట్టొచ్చని ఆ ఆలోచన. అయితే పొయ్యిలు లెక్కపెట్టాలంటే ఇంట్లోకి రావాలి కదా! అధికారులు వంటింట్లోకీ, పడకగదిలోకీ చొరబడి, పొగగొట్టం ఎక్కడుందీ, ఏది మూసేశారూ అని చూసేవాళ్ళు. జనానికి ఒళ్ళు మండింది. 1689లో విలియమ్, మేరీల పాలన రాగానే ఆ పన్ను తీసేశారు. ముక్కూమొహం తెలియనివాళ్ళు ఇంట్లో దూరి వెతకడం ప్రజలకి అవమానమని ఆ రద్దు చట్టంలోనే రాసుకున్నారు.

ఆ పన్ను ఎగ్గొట్టడానికి పడిన పాట్లూ తక్కువేం కాదు. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చర్చిల్ అనే పల్లె 1684లో తగలబడి ఇరవై ఇళ్ళు పోయాయి, నలుగురు చనిపోయారు. రొట్టెలు కాల్చేవాళ్ళొకరు సొంత పొగగొట్టానికి పన్ను పడకుండా గోడకి కన్నం పెట్టి, పక్కింటి గొట్టంలోకి పొగ పంపడంవల్లే నిప్పు అంటుకుందని అక్కడ చెప్పుకుంటారు.

ఆ పొయ్యి పన్ను జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. ఇంటిపెద్ద పేరు, ఎదురుగా పొయ్యిల లెక్క. మధ్యమధ్య ఫలానావారి వితంతువు అని ఆడవాళ్ళూ కనబడతారు. మొగుడున్నన్నాళ్ళూ ఏ పుస్తకంలోనూ కనబడని మనిషి, పన్ను కట్టాల్సి వచ్చేసరికి కనబడింది.

మనవాళ్ళూ పొయ్యితోనే లెక్కపెడతారు. అన్నదమ్ములు ఒకే పెంకుటింట్లో ఉన్నా, "వాళ్ళు పొయ్యి వేరు పెట్టుకున్నారు" అంటే వేరు కాపురాలైపోయాయని అర్థం. మన జనాభా లెక్కలవాళ్ళు కూడా ఒకే వంటింట్లో వండింది తినేవాళ్ళని ఒక కుటుంబంగా రాసుకుంటారు. మా చెల్లెలి బిల్లుకి దీంతో పనుంది, కాస్త ఆగండి.

పొయ్యి పన్ను పోయిన ఏడేళ్ళకి, 1696లో, కిటికీ పన్ను వచ్చింది. కిటికీలు వీధిలోంచే లెక్కపెట్టుకోవచ్చు, లోపలికి రానక్కర్లేదు. పది కిటికీలు దాటితే పన్ను పెరిగేది కాబట్టి జనం ఇటుకలతో పూడ్చేశారు. ఆ పూడ్చిన కిటికీలు పాత ఇళ్ళకి ఈనాటికీ ఉన్నాయి, ఫొటోల్లో చూసే ఉంటారు. అంతగా తెలియనిది ఇంకోటుంది. పట్నాల్లో ఒక్కో పెద్ద కట్టడంలో గదికో కుటుంబం చొప్పున బీదవాళ్ళు అద్దెకుండేవాళ్ళు. పన్నుకి మాత్రం ఆ కట్టడమంతా కలిపి ఒకటే ఇల్లు. ఇంటివాడి మీద లెక్క పెద్దదై పడేది, వాడు కిటికీలు మూసేసేవాడు. గాలీ వెలుతురూ లేక జబ్బుపడింది లోపలున్న పిల్లాజెల్లా. పన్ను కట్టేది ఇంటివాడే, ఊపిరాడనిది వీళ్ళకి. డాక్టర్లు గొడవ పెట్టగా పెట్టగా 1851లో గానీ అది పోలేదు.

అంటే ఒకే కప్పు కింద పదిమంది విడివిడిగా ఉంటే అది ఒక ఇల్లా, పది ఇళ్ళా అన్న తగువు అప్పటికే ఉంది.

రేట్స్ మాత్రం ఎక్కడికీ పోలేదు. పంతొమ్మిదో శతాబ్దంలో మిల్లు పట్నాలు పెరిగి, వారం వారం అద్దె కట్టే చిన్న ఇళ్ళు వేలకొద్దీ లేచాయి. ఇవాళ ఉన్నవాళ్ళు వచ్చే నెలకి ఇంకో వీధిలో ఉంటారు. వాళ్ళ వెంటపడి వసూలు చేసేసరికి కట్టించుకునేవాళ్ళ తల ప్రాణం తోకకొచ్చేది. అందుకని 1850లో ఒక చట్టం చేసి, చిన్న ఇళ్ళకి రేట్స్ ఓనరు దగ్గరే తీసుకోవచ్చన్నారు. అందరి బదులూ ఒక్కడే కడుతున్నాడని ఓనరుకి కొంత తగ్గింపు. వాడు దాన్ని అద్దెలో కలిపి తీసుకుంటాడు. అద్దెకున్నవాళ్ళకి బిల్లన్నదే రాదు.

అప్పుడు వచ్చింది 1867. ఓటు హక్కు పెంచుతూ చట్టం చేశారు. పట్నాల్లో సొంతంగా రేట్స్ కట్టే మగవాడికి ఓటు అన్నారు. మరి ఓనరు కట్టేస్తుంటే అద్దెకున్నవాడి మాటేమిటి? హాడ్జ్‌కిన్సన్ అనే సభ్యుడు ఒక సవరణ పెట్టాడు. ఆ పట్నాల్లో ఓనరు తరఫున కట్టే పద్ధతి తీసేసి, ఉన్నవాళ్ళంతా ఎవరిది వాళ్ళే కట్టుకోవాలని. డిజ్రేలీ ఒప్పేసుకున్నాడు. కాగితం మీద లక్షలమందికి ఓటొచ్చింది. ఇంటికి మాత్రం ముందు బిల్లొచ్చింది. అప్పటిదాకా పన్ను కలిపే అద్దె కడుతున్నవాళ్ళకి విడిగా రేట్స్ కట్టమన్నారు. అద్దె ఆ మేరకి తగ్గాలి కదా? చాలామంది ఓనర్లు తగ్గించలేదు. ఒకే పన్ను రెండుసార్లు కట్టినట్టయింది. వారానికొచ్చే ఆ నాలుగు షిల్లింగుల్లో రొట్టెకెంత, బొగ్గుకెంత అని లెక్కవేసే ఇల్లాలికి ఓటు లేదు, బిల్లు భారం మాత్రం ఉంది.

గోల భరించలేక రెండేళ్ళకే, 1869లో, చట్టం తిప్పేశారు. మళ్ళీ ఓనరే కట్టొచ్చు, అయినా అద్దెకున్నవాడి ఓటు పోదు అన్నారు. మూడు నెలలకి మించని అద్దె ఒప్పందమున్నవాళ్ళు ఒకవేళ తామే రేట్స్ కడితే, ఆ సొమ్ము అద్దెలోంచి తగ్గించుకోవచ్చని కూడా రాశారు. ఈ ఒక్క వాక్యం మా చెల్లెలి కాలందాకా ఉండుంటే ఎంత బావుండేదో.

ఆ 1869లోనే ఇంకొకటి జరిగింది. తన పేరున రేట్స్ కట్టే ఆడమనిషికి పురపాలక ఎన్నికల్లో ఓటిచ్చారు. పార్లమెంటుకి కాదు, ఊరి మట్టుకే. మూడేళ్ళకి కోర్టు, పెళ్ళయినవాళ్ళకి వర్తించదు పొమ్మంది. పెళ్ళికాని వాళ్ళకీ, వితంతువులకీ మిగిలింది. పెళ్ళయినవాళ్ళకి స్థానిక ఎన్నికల దారి 1894 చట్టంతో తెరుచుకుంది, అదీ భార్యాభర్తలు ఒకే ఇంటి లెక్కమీద ఓటడగకూడదన్న షరతుతో. బిల్లు మీద మన పేరుండటం మనల్ని మనిషిగా గుర్తించడమైన రోజులవి. ఇప్పటి కౌన్సిల్ టాక్స్‌లో కలిసి కాపురమున్న భార్యాభర్తలిద్దరూ మొత్తం బాకీకి పూచీ. సంపాదన ఎవరిదైనా సరే, కౌన్సిల్ ఎవరినైనా అడగొచ్చు. ఫోను బిల్లు కూడా భర్త పేరనే ఉండే ఇళ్ళనుంచి వెళ్ళిన మన ఆడపిల్లలకి ఇది తెలిసుండాలి.

తర్వాత వందేళ్ళ కథ చకచకా చెప్పేస్తాను. రేట్స్ సాగుతూనే ఉన్నాయి. మార్గరెట్ థాచర్ వాటిని తీసేసి, ఇంటిని బట్టి కాక తలకింత అని పోల్ టాక్స్ పెట్టింది. 1989లో స్కాట్లండులో, 1990లో ఇంగ్లండు, వేల్స్‌లో. భవంతిలో ఉన్న ప్రభువుకీ, ఆయన తోటమాలికీ ఒకే పన్ను. 1990 మార్చి 31న లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్‌లో పెద్ద అల్లరి జరిగింది. ఆ నవంబరులో ఆమె పదవి దిగిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆ మంట చల్లార్చడానికి తెచ్చిందే కౌన్సిల్ టాక్స్. చట్టం 1992ది, అమలు 1993 ఏప్రిల్ 1 నుంచి.

ఇంటి ధరని బట్టి ఏ నుంచి హెచ్ దాకా ఎనిమిది బ్యాండ్లు. ఏ బ్యాండు వాళ్ళు కట్టేదానికి హెచ్ వాళ్ళు కట్టేది మూడు రెట్లు. 1991 ఏప్రిల్ 1న ఆ ఇల్లు అమ్మితే ఎంత పలికేదన్నది కొలత. అప్పట్లో తొందరగా ముగించాలని, కారు రెండో గేరులో పోనిస్తూ వీధికటూ ఇటూ చూసి ధరలు రాసేశారని ఎగతాళి చేసేవాళ్ళు. వేల్స్‌లో తర్వాత మళ్ళీ ధరలు కట్టారు. ఇంగ్లండులో ఇప్పటికీ ఆ 1991 ధరే. మా చెల్లెలి ఫ్లాట్ పుట్టింది 2023లో. అయినా 1991లో అదుండి ఉంటే ఎంత పలికేదో ఊహించి బ్యాండు ఇవ్వాలి. పుట్టని పిల్లకి పెళ్ళిచూపులంటే ఇదే.

ఆ బ్యాండు ఇచ్చేది కౌన్సిల్ కాదు, కేంద్ర ప్రభుత్వపు వాల్యుయేషన్ ఆఫీస్. కౌన్సిల్ పని బిల్లు వెయ్యడం, వసూలు చేసుకోవడం. ఒక కట్టడాన్ని భాగాలు చేసి అద్దెకిస్తే, విడిగా కాపురముండటానికి వీలుగా కట్టిన లేదా మార్చిన ప్రతి భాగం ఒక ఇల్లే అంటుంది 1992 నాటి ఉత్తర్వు. వీలుగా ఉందని ఎలా తేలుస్తారు? పడుకునే చోటు, స్నానపు గది, ముఖ్యంగా వండుకునే వసతి ఉన్నాయా అని చూస్తారు. అదిగో, 1662 నాటి పొయ్యి మళ్ళీ వచ్చింది! ఓనరు ఆ సామాన్ల అంతస్తుకి నడిమి గోడ పెట్టి, అటొక సింకూ స్టవ్వూ, ఇటొక సింకూ స్టవ్వూ బిగించిన రోజున పన్ను లెక్కలో అక్కడ రెండు ఇళ్ళు పుట్టాయి. పుట్టినరోజు అదే. ఆఫీసువాళ్ళకి తెలిసింది ఏడాది పైన గడిచాకైనా, జాబితాలో తేదీ మాత్రం పుట్టినరోజుదే వేస్తారు. ఎన్నాళ్ళు వెనక్కి పోవచ్చన్నదానికి హద్దు లేదు. పాత ఇంటికి బ్యాండు తక్కువ వేశామని తర్వాత సరిదిద్దితే ఆ పెంపు సరిదిద్దిన రోజునుంచే. కొత్తగా పుట్టిన ఇంటికి ఆ దయ లేదు. 2013 మే 30 నుంచి ఆఫీసు కట్టడాలని పూర్తి అనుమతి ప్రక్రియ లేకుండానే ఇళ్ళుగా మార్చుకోనిచ్చారు. అలా మారిన ఇళ్ళు పెరిగినకొద్దీ ఇలాంటి బిల్లందుకునే అద్దెవాళ్ళూ పెరుగుతారు.

దీనికంటే ఘోరం, ఒక్కో గది అద్దెకున్నవాళ్ళకి జరిగింది. ఒక ఇంట్లో ఐదారుగురు తలా ఒక గదీ తీసుకుని, వంటిల్లు కలిపి వాడుకుంటారు. అలాంటి ఇళ్ళకి పన్ను ఓనరుది. కానీ గదిలోనే స్నానాల గదో, చిన్న స్టవ్వో ఉంటే ఆ గదినే ఒక ఇల్లుగా లెక్కవేసి విడిగా బ్యాండులిచ్చారు కొన్నిచోట్ల. ఇల్లు కాస్తా ఆరిళ్ళయింది. గది అద్దెకున్న పిల్లకి, తను ఊహించని బాకీ వెనకటి తేదీలతో తలుపు సందులోంచి వచ్చి పడింది. గొడవయ్యాక, 2023 డిసెంబరు 1 నుంచి ఇంగ్లండులో అలాంటి ఇల్లంతా ఒకటే ఇల్లు, పన్ను ఓనరుదే అని నిబంధన మార్చారు. 1869లో చేసినట్టే. మా చెల్లెలిది గది కాదు, విడి ఫ్లాట్, తలుపు తనది, పొయ్యి తనది. దానికా నిబంధన వర్తించదు.

ఇక వాళ్ళ బిల్లు. ముందు తేదీలు చూడమన్నాను. ఫ్లాట్లు తయారైంది 2023 నవంబరులో, వీళ్ళు దిగింది 2024 ఫిబ్రవరిలో. మనం ఉన్న రోజులకే మనం పూచీ. ఖాళీగా ఉన్న ఆ మూడు నెలలూ ఓనరువి. అద్దె ఒప్పందం కాపీ పంపితే అవి తీసేశారు. రెండోది, మరిది 2023 సెప్టెంబరులో ఎమ్మెస్సీకి వెళ్ళాడు. ఇది డిపెండెంటు వీసా మీద వెంట వెళ్ళింది. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ కోర్సులవాళ్ళు భార్యాబిడ్డల్ని తీసుకెళ్ళే వీలు పోయింది గానీ, వీళ్ళు అంతకుముందే వెళ్ళారు. ఫుల్‌టైమ్ విద్యార్థులే ఉంటే ఆ ఇంటికి కౌన్సిల్ టాక్స్ లేదు. బ్రిటిష్ పౌరసత్వం లేని భార్య, వీసా షరతులవల్ల అక్కడి ప్రభుత్వ భృతులు అడగలేని మనిషైతే, ఆవిణ్ణీ లెక్కలోకి తీసుకోరు. యూనివర్సిటీ ఇచ్చే ధ్రువపత్రం పెడితే సెప్టెంబరు ఆఖరు దాకా మొత్తం పోయింది. ఆ పత్రం ఎక్కడుందో మరిదికి గుర్తులేదు. మా చెల్లెలు పెళ్ళి ఫొటోల పెట్టెలోంచి తీసింది.

మిగిలింది ఆరు నెలలు, ఎనిమిది వందల చిల్లర పౌండ్లు. కష్టంలో ఉన్నవాళ్ళకి కౌన్సిల్ తన ఇష్టప్రకారం తగ్గించే వీలు 1992 చట్టంలోనే, 13ఏ సెక్షన్‌లో ఉంది. ఏజెంటు ఈమెయిల్ జతచేసి అదీ అడిగింది. కుదరదన్నారు. వాయిదాలు మాత్రం ఇచ్చారు. ఒక వాయిదా తప్పితే ఏడు రోజుల గడువుతో హెచ్చరిక, ఆ తర్వాత మొత్తం ఒక్కసారే, ఆపైన కోర్టు. అందుకని నెలనెలా కూరగాయల డబ్బు కంటే ముందు అది పక్కన పెట్టేది. ఓనరు మీద నాకు కోపమొచ్చింది గానీ, చట్టప్రకారం ఆయన వీళ్ళకి బాకీ పడింది ఏమీ లేదు. ఇల్లు పుట్టిన సంగతి చెప్పకుండా ఉన్నందుకు ఆయనకి పోయింది ఖాళీ నెలల పన్ను మాత్రమే.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. పక్క ఫ్లాట్లోకి మలయాళీ దంపతులు కొత్తగా దిగారట. ఇది వెళ్ళి ఆ అమ్మాయిని, "కౌన్సిల్ టాక్స్ బిల్లు వచ్చిందా" అని అడిగిందట. "ఇంకా రాలేదక్కా, వాళ్ళే పంపుతారన్నాడు ఏజెంటు" అందట ఆ పిల్ల. ఇద్దరూ అక్కడే కూర్చుని, దిగిన తేదీ వేసి కౌన్సిల్‌కి ఈమెయిల్ రాశారు.